అచ్చుకాని నాల్గవ ప్రశ్న: స్లొవేకియా రాజకీయ పరివర్తనమున నాటో కూటమి పాత్ర

1991 జులై 1వ తేదీన ప్రాగ్ నగరమున వార్సా సంధి రద్దయిన పిమ్మట, కమ్యూనిస్టు పాలననుండి వెలువడిన మధ్య యూరప్ దేశములకు తమ్ము రక్షించువారెవరు, తమ్ము పాలించు పద్ధతి యెట్టిది యను రెండు ప్రశ్నలు ఏకకాలముననే యెదురైనవి. మొదటిదానిని అంతర్జాతీయ రాజనీతిజ్ఞులును, రెండవదానిని రాజ్యాంగ పండితులును పంచుకొని వేర్వేఱుగా చర్చించుట విద్వల్లోకమున వాడుక. స్లొవేకియాలో మాత్రము ఆ రెండును ఒకే కాగితముపైకి రావలసియుండెను. అచ్చైన కాగితమున ఒకటి కానరాలేదు.

ఆ కాగితము 1997 మే 23, 24 తేదీల ప్రజాభిప్రాయసేకరణకు సంబంధించినది. నాటోలో చేరవలెనా, దేశమున అణ్వాయుధములు నిలుపవలెనా, విదేశ సైనిక స్థావరములకు చోటీయవలెనా యను మూడు ప్రశ్నలను ప్రభుత్వపక్షము కోరగా, అధ్యక్షుని ప్రజలే నేరుగా ఎన్నుకొనవలెనా యను నాల్గవదానిని ప్రతిపక్షములు సంతకములు సేకరించి సాధించినవి. ఈ నాల్గవదాని వెనుక ఒక లెక్క కలదు. అధ్యక్షుడు మిహల్ కొవాచ్ పదవీకాలము 1998 మార్చిలో ముగియనుండెను. క్రొత్తవానిని ఎన్నుకొనుటకు పార్లమెంటులో ఐదింట మూడు వంతుల మద్దతు కావలెను. అది కుదరనిచో అధ్యక్షాధికారములలో పెక్కు ప్రధానమంత్రి వ్లాదిమీర్ మెచియార్ చేతికే చిక్కును. దేశీయాంగమంత్రి గుస్తావ్ క్రాయ్చీ ముద్రింపించిన పత్రములందు మూడు ప్రశ్నలే యుండెను. పాల్గొన్నవారు నూటికి పదుగురైనను లేరు. విదేశాంగమంత్రి పావొల్ హంజీక్ రాజీనామా యిచ్చెను.

నెలన్నర గడచునంతలో, జులై 8న మాడ్రిడ్ సమావేశమున పోలండు, హంగరీ, చెక్ దేశములకు పిలుపు వచ్చెను, స్లొవేకియాకు రాలేదు. ప్రజాస్వామ్యము, సైన్యముపై పౌరప్రభుత్వాధిపత్యము, పొరుగువారితో తగవులను సామరస్యముగా తీర్చుకొనుట మున్నగువానిని కూటమి 1995 సెప్టెంబరునాటి విస్తరణ పరిశీలనలోనే పేర్కొనియుండెను. ఇవి పైపై మాటలేయని శంకించువారు పటమును ఒకమాఱు విప్పి చూడవలెను. స్లొవేకియాను వెలుపల నిలిపినందున, 1999 మార్చి 12న సభ్యత్వము పొందిన హంగరీకి కూటమిలోని ఏ దేశముతోడను భూసరిహద్దు లేకపోయెను. సేనలను నడపువారికి రుచింపని యీ యేర్పాటునకు కూటమి ఒడంబడుటయే, నాడు రాజకీయ ప్రమాణమునకు గల బరువును తెలుపుచున్నది.

1998 సెప్టెంబరు ఎన్నికలలో సుమారు 84 శాతము ఓటర్లు పాల్గొనిరి. 150 స్థానములలో మెచియార్ పక్షమునకు 43 దక్కి ప్రథమస్థానము లభించినను, దానితో చేయి కలుపువారు చాలక, 42 స్థానముల కూటమికి నాయకుడైన మికులాష్ జురిందా నాలుగు పక్షములను కూర్చి 93 మంది బలముతో ప్రభుత్వము నిలిపెను. అందు హంగేరియన్ అల్పసంఖ్యాకుల పక్షమునకును చోటు దొరకెను. ఇది నాటో సాధించిన విజయమేయని వ్రాయుట, తన కోడియు కుంపటియు లేనిదే ఊరికి తెల్లవాఱదనుకొన్న ముసలమ్మ తర్కమే యగును. ఓటరు మనసున నిరుద్యోగమును, 1995లో అధ్యక్షుని కుమారుని ఎత్తుకొనిపోయి ఆస్ట్రియాలో విడిచిన దారుణమును గూడ నుండెను. అయినను, దేశము వెలివడినదని ప్రతిపక్షము చేయు వాదమునకు మాడ్రిడ్ తిరస్కారము కాదనరాని సాక్ష్యమైనది. వెలుపలి ఒత్తిడి లోపలి ప్రయత్నమునకు ఆయుధమైనదే కాని, దానికి మాఱుగా నిలిచినది కాదు.

ఈ యాయుధము తలుపు మూసియున్నంత కాలమే పనిచేయును. 2002లోను మెచియార్ పక్షమే 36 స్థానములతో ముందు నిలిచినను, ప్రభుత్వము మరల జురిందాదే యయ్యెను. ఆ నవంబరులో ప్రాగ్ సమావేశము పిలువగా, 2004 మార్చి 29న స్లొవేకియా కూటమిలో చేరెను. చేరినవారిని వెడలగొట్టు నిబంధన 1949నాటి వాషింగ్టన్ సంధిలో లేదు; సలజార్ నియంతృత్వమున నున్న పోర్చుగల్ ఆ సంధికి స్థాపకసభ్యదేశమేయని మఱువరాదు.

నాల్గవ ప్రశ్నను తొలగించినవారికిని, అధ్యక్షపుత్రుని అపహరించినవారికిని 1998లో, తాత్కాలికముగా అధ్యక్షాధికారములు చేతబట్టిన మెచియార్ ప్రసాదించిన క్షమాదానములు కూటమిలో చేరిన పదమూడేండ్ల వఱకును చెక్కుచెదరలేదు. 2017లో రాజ్యాంగమును సవరించి వానిని రద్దుచేసినది బ్రాటిస్లావా పార్లమెంటు.