పెద్ద అణువు లెక్క తేలిన వైనం

రబ్బరు అంతలా ఎందుకు సాగుతుంది? పట్టుదారం అంత గట్టిగా ఎందుకుంటుంది? 1920ల్లో ఇదొక పెద్ద తగాదా. చిన్న అణువులే ఏదో ప్రత్యేకమైన ఆకర్షణతో గుంపు కడతాయని పేరున్న శాస్త్రవేత్తలు చాలామంది నమ్మేవారు. అదేం కాదు, మామూలు రసాయన బంధాలతోనే వేల పరమాణువులు ఒకే గొలుసుగా ఉంటాయని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ స్టౌడింగర్ 1920లో రాశాడు. అంత పెద్ద అణువు ఉండదని కొట్టిపారేశారు.

1928లో అమెరికాలోని డ్యుపాంట్ కంపెనీలో చేరిన వాలెస్ కరోథర్స్ వేరే దారి పట్టాడు. ప్రకృతి కట్టిన గొలుసు గురించి వాదించే బదులు, మనమే ఒకటి కడితే? ఆమ్లమూ ఆల్కహాలూ కలిస్తే ఎస్టర్, నీరు వస్తాయి. ఇది అందరికీ తెలిసిందే. ఆమ్లానికి రెండు చివరలా, ఆల్కహాలుకు రెండు చివరలా కలిసే గుణం ఉంటే? జత కుదిరాక కూడా రెండు చివరలు ఖాళీగానే ఉంటాయి. రెండు రెళ్లు నాలుగు, నాలుగూ నాలుగూ ఎనిమిది, అలా పెరుగుతూ పోతుంది. ప్రతి మెట్టూ తెలిసిందే కాబట్టి, చివరికి తయారైనదేమిటో వాదించే పని లేదు.

ఇక్కడే నాలాంటి కామర్స్ వాడికి సరదా. చివరల్లో 50 శాతం కలిస్తే గొలుసు సగటు పొడవు రెండు ముక్కలే. 90 శాతానికి పది. 99 శాతానికి వంద. 99.5కి రెండు వందలు. పరీక్షలో 90 వస్తే పండగ చేసుకుంటాం, ఇక్కడ 90 అంటే పనికిరానట్టే. ఈ సూత్రానికి కరోథర్స్ పేరే పెట్టారు. ఇంకో షరతు, రెండు పద్దులూ సరిపోవాలి. ఒకవైపు సరుకు ఒక్క శాతం ఎక్కువైనా, మిగతాదంతా పూర్తిగా కలిసినా, గొలుసు సగటున రెండు వందల ముక్కల దగ్గర ఆగిపోతుంది. ఎక్కువైన సరుకు అన్ని చివరలనూ ఆక్రమిస్తుంది, జతకు ఎదుటివారు మిగలరు.

నిజంగానే మొదట్లో ఆయన అణువుల భారం ఐదారు వేల దగ్గరే ఆగిపోయింది. కారణం దైవలీల కాదు, నీరు. పుట్టిన నీరు అక్కడే ఉంటే కలిసిన బంధాన్ని మళ్లీ విడగొడుతుంది. 1930లో జూలియన్ హిల్‌తో కలిసి ఆ నీటిని తీసేస్తూ పోతే అణుభారం 12,000 దాటింది. కరిగిన ముద్దలోంచి దారం తీగలా సాగివచ్చింది. ఆ ఎస్టర్ తక్కువ వేడికే కరిగిపోయేది కాబట్టి, ఆల్కహాలు బదులు ఎమీన్‌ వాడారు. 1935 ఫిబ్రవరి 28న నైలాన్ పుట్టింది. రెండు ముడిసరుకుల్లోనూ ఆరేసి కార్బన్లు. అందుకే దాన్ని నైలాన్ 6,6 అంటారు.

1937లో 41వ ఏట కరోథర్స్ చనిపోయాడు. 1940లో నైలాన్ మేజోళ్లు అమ్మకానికి వచ్చాయి. యుద్ధంలో జపాన్ పట్టు ఆగిపోయాక అమెరికా పారాచూట్లకూ నైలానే దిక్కయింది. స్టౌడింగర్‌కు 1953లో నోబెల్ వచ్చింది.

‘ప్రత్యేకమైన ఆకర్షణ’ అన్నవాళ్లు మూర్ఖులు కారు, చదువుకున్నవాళ్లే. కానీ ఆ మాట దేన్నీ లెక్కగట్టి చెప్పలేకపోయింది. గొలుసు సిద్ధాంతమైతే ఇంత కలిస్తే ఇంత పొడవు అని ముందే చెప్పింది, తప్పయితే పట్టుబడేలా చెప్పింది. ఎవరైనా కంటికి కనబడని శక్తి గురించి చెబితే మనమూ అదే అడుగుదాం: ఏ మెట్టులో ఏది దేనితో కలిసింది, లెక్క ఎంత?