సర్ సయ్యద్ హాలు: తాలీమ్‌కు తోడు తర్బియత్

విద్య వేరు, శిక్షణ వేరు. ఉర్దూలో తాలీమ్, తర్బియత్ అని రెండు మాటలు వాడటంలోని అంతరార్థం ఇదే. మొదటిది తరగతి గదిలో లభిస్తుంది. రెండవది కలిసి జీవించడం వల్లనే అలవడుతుంది. అలీగఢ్‌లోని సర్ సయ్యద్ హాలు చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

1869-70లో ఇంగ్లండులో ఉన్నప్పుడు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కేంబ్రిడ్జిలో విద్యార్థుల నివాస పద్ధతిని స్వయంగా పరిశీలించారు. 1875లో అలీగఢ్‌లో పాఠశాల ప్రారంభమైంది. 1877 జనవరి 8న వైస్రాయి లార్డ్ లిట్టన్ కళాశాలకు శంకుస్థాపన చేశారు. విశాలమైన ఆవరణ చుట్టూ విద్యార్థుల గదులు, వాటితోపాటు స్ట్రాచీ హాలు, జామా మసీదు క్రమంగా వెలిశాయి. ఊరూరా చందాలు పోగుచేసి, దాతల పేర్లు రాళ్ళపై చెక్కించారు. ఆ దాతలలో హిందువులూ ఉన్నారు. 1898లో మరణించిన సర్ సయ్యద్ ఆ మసీదు ఆవరణలోనే శాశ్వత విశ్రాంతి పొందుతున్నారు.

అయితే అక్కడ గదులన్నీ సమానమైనవి కావు. పక్కా బారక్‌లు కొన్ని, కచ్చా బారక్‌లు కొన్ని. స్తోమతు లోని తేడా నివాసంలోనూ కనిపించేది. ఈ అంతరాన్ని తగ్గించినవి అక్కడి సంప్రదాయాలే. సున్నీలకూ షియాలకూ మసీదు ఒక్కటే. సభలలో అందరిదీ నల్ల షేర్వానీయే. జూనియర్లతో కలిసి టీ త్రాగితే డబ్బు చెల్లించవలసినవాడు సీనియరే. పెద్దరికమంటే అధికారం కాదు, బాధ్యత అన్నమాట! 1890లో ఏర్పడిన ‘అంజుమన్ అల్ ఫర్జ్’ ద్వారా విద్యార్థులే పేద సహాధ్యాయుల కోసం చందాలు సేకరించారు.

ఈ శిక్షణ విధేయతను మాత్రమే నేర్పలేదు. 1920 అక్టోబరు 29న, బ్రిటిషు ప్రభుత్వ సహాయాన్ని నిరాకరించిన విద్యార్థులు, అధ్యాపకులు ఆ కళాశాల మసీదులోనే జామియా మిల్లియా ఇస్లామియాకు పునాది వేశారు. వారిలో ఒకరు మన హైదరాబాదులో జన్మించిన జాకిర్ హుసేన్. ఆయనే 1948లో వైస్ చాన్సలరుగా అలీగఢ్‌కు తిరిగి వచ్చారు. 1967లో రాష్ట్రపతి అయ్యారు. విభేదించి వెళ్ళిన బిడ్డను ఆ విద్యాలయం పరాయివాడుగా చూడలేదు.

నేడు ఆ హాలు ఉత్తర, దక్షిణ భాగాలుగా ఉంది. గోడలపై పేర్లు ఇంకా నిలిచే ఉన్నాయి. కాని వారసత్వం రాళ్ళలో లేదు. క్రొత్తగా వచ్చిన విద్యార్థిని పరిచయం పేరుతో బెదిరించడం సంప్రదాయం కాజాలదు. అతని భారం కొంత మోయడమే సంప్రదాయం. మన పట్టణాలలో హాస్టళ్ళు నిర్మించే పెద్దలు గదుల సంఖ్యతోపాటు ఈ సంగతి కూడా ఆలోచించాలి.