అమెరికా లాంగ్‌రైఫిల్: తయారీదారును గుర్తించే విధానం

అమెరికాలోని పెన్సిల్వేనియా ప్రాంతంలో 18వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న పొడవైన వేట తుపాకిని లాంగ్‌రైఫిల్ అంటారు. కెంటకీ రైఫిల్ అన్న పేరుతోనూ ఇది ప్రసిద్ధం. జర్మన్ భాషా ప్రాంతాల నుంచి వలస వచ్చిన తుపాకి పనివారు తమ దేశపు పొట్టి యేగర్ రైఫిల్‌ను ఆధారం చేసుకొని దీనిని రూపొందించారు. ఎనిమిది పలకల గొట్టం, దాని లోపల మెలి తిరిగిన చాళ్లు, మేపుల్ కర్రతో చేసిన సన్నని మడమ, ఇత్తడి అలంకరణలు దీని లక్షణాలు. గొట్టం పొడవు సాధారణంగా 42 నుంచి 46 అంగుళాలు ఉంటుంది. ఇవి కర్మాగారపు వస్తువులు కావు. ఒక్కొక్కటి ఒక చిన్న దుకాణంలో చేతితో తయారైనది. అందువల్ల చేసినవారెవరో తేలితేనే ఆ తుపాకి చరిత్ర, విలువ తెలుస్తాయి.

పేరు ఎక్కడ ఉంటుంది?

మొదట చూడవలసినది గొట్టపు పైపలక. గురి చూసే వెనుక గుర్తుకు, గొట్టపు మొదలుకు నడుమ తయారీదారు పేరు గాని, పొడి అక్షరాలు గాని చెక్కి ఉంటాయి. లాంకాస్టర్‌కు చెందిన జేకబ్ డికర్ట్ (1740–1822) ఈ విధంగానే గొట్టంపై తన పేరు చెక్కేవాడు. అయితే పేరు లేని తుపాకులు కూడా అనేకం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి పూర్వపు వాటిలో ఇవి మరీ ఎక్కువ.

లాకు మీది పేరుతో పొరపాటు

చెకుముకి రాయితో నిప్పు పుట్టించే లాకు మీద ఏదైనా పేరు కనిపిస్తే, అదే తయారీదారు పేరని చాలామంది భ్రమపడతారు. అమెరికా పనివారు ఇంగ్లండ్ నుంచి, ముఖ్యంగా బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన లాకులను కొని బిగించేవారు. కెట్లండ్ అన్న పేరు అలాంటిదే. అది లాకు చేసినవారి పేరే గాని తుపాకి చేసినవారిది కాదు. పైగా 19వ శతాబ్దంలో పేలుడు టోపీ పద్ధతి వచ్చాక పాత లాకులను మార్చివేయడం సర్వసాధారణమైంది. కనుక లాకు ఒక్కటే సాక్ష్యంగా నిలవదు.

పేరు లేనప్పుడు

ఇలాంటి సందర్భంలో పనితనమే సంతకం. మడమ కుడివైపున మూత ఉన్న చిన్న అర ఉంటుంది. గుండుకు చుట్టే జిడ్డు గుడ్డముక్కలను అందులో దాచేవారు. దాని ఇత్తడి మూత ఆకారం, మడమ వంపు, కర్రపై చెక్కిన లతలు ఊరూరికీ మారుతాయి. లాంకాస్టర్ పనిలో ఆ మూత చివర డైసీ పువ్వు ఆకృతి తరచుగా కనిపిస్తుంది. బెడ్‌ఫర్డ్ పనిలో తుపాకి సన్నగా, లాకు పలక ఇరుకుగా పొడుగ్గా ఉంటాయి. ఈ ప్రాంతీయ సంప్రదాయాలను జో కిండిగ్ 1960లో ప్రచురించిన గ్రంథంలో వర్గీకరించాడు. దక్షిణాది కొండ ప్రాంతాల తుపాకులు ఇత్తడికి బదులు ఇనుప బిగింపులతో నిరాడంబరంగా ఉండేవి.

పోలికల ద్వారా ఊరు తేలిన తరువాత ఆనాటి పన్ను జాబితాలు, వీలునామాలు, ఆస్తి పట్టికలు తోడ్పడతాయి. ఇక్కడొక చిక్కు ఉంది. జర్మన్ పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి వినిపించినట్లు రాసుకున్నారు. డికర్ట్ పేరు జనం నోట డెకర్డ్‌గా కూడా మారింది. ఒకే మనిషి రెండు మూడు పేర్లతో కనిపించవచ్చు. ఒకే పేరుతో తండ్రీ కొడుకులిద్దరూ పనిచేసి ఉండవచ్చు.

చేయకూడని పనులు

గొట్టాన్ని మెరుగుపెట్టే పొడులతో తోమకూడదు. అరిగిన అక్షరాల చివరి గీతలు ఆ తుప్పు పొరలోనే మిగిలి ఉంటాయి. ఏటవాలుగా వెలుతురు ప్రసరింపజేసి ఫొటో తీస్తే అవి చాలావరకు బయటపడతాయి. గొట్టం అడుగు భాగంలోనూ గుర్తులు ఉండవచ్చు గాని, దాన్ని విప్పడం అనుభవజ్ఞుల పని. పలుచని కర్ర సులభంగా చీలిపోతుంది. విలువ పెంచడానికి తరువాతి కాలంలో చెక్కిన దొంగ సంతకాలు ఉంటాయన్నది కూడా మరువరాదు. అక్షరాల అంచులు చుట్టూ ఉన్న లోహం కంటే పదునుగా, కొత్తగా ఉంటే అనుమానించాలి. పేరు ఒక ఊరిని, పనితనం మరొక ఊరిని సూచిస్తే పేరును నమ్మకూడదు.

ఒక ఉదాహరణ

క్రిస్టియన్స్ స్ప్రింగ్ అనే మొరేవియన్ స్థావరంలో పనిచేసిన యోహాన్ క్రిస్టియన్ ఓర్టర్ 1775లో చేసిన ఒక రైఫిల్ 1971లో వ్యాలీ ఫోర్జ్ ప్రదర్శనశాల నుంచి చోరీకి గురైంది. 2018లో అది ఒక పురావస్తు వ్యాపారి చేతికి వచ్చింది. మొదట ఆయన దానిని మంచి నకలు అనుకున్నాడు. నిశితంగా పరిశీలించాక అసలుదేనని తేలింది. 2019లో అది ఫిలడెల్ఫియాలోని అమెరికా విప్లవ ప్రదర్శనశాలకు చేరింది. ఆ గొట్టంపై తయారీదారు పేరు, సంవత్సరం చెక్కి ఉన్నాయి. ఎవరైనా ముందే దాన్ని తోమి మెరిపించి ఉంటే ఆ ఆధారం మిగిలేదా అన్నది ఆలోచించవలసిన విషయం.