సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? నంబర్ ప్లేట్ ఒక్కటే చూస్తే చాలదు.. ఈ నంబర్ ఎక్కడుందో ముందు వెతకండి!

విజయనగరం: అమెరికాలో ఉన్న మనవాళ్లు కారు అమ్మాలన్నా కొనాలన్నా ‘టైటిల్ నంబర్’ అడుగుతారు. అక్కడ కారు ఎవరిదో చెప్పడానికి టైటిల్ అనే కాగితం వేరుగా ఉంటుంది. మరి మన దగ్గర? అలాంటి కాగితమే లేదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అదే మనం ఆర్‌సీ అంటామే, అన్నిటికీ అదే ఆధారం. అందులో చూడాల్సినవి మూడు నంబర్లు. రిజిస్ట్రేషన్ నంబర్, చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్.

చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. ఏపీ 35 అంటే విజయనగరం బండి, ఏపీ 30 అంటే శ్రీకాకుళం బండి అని చెప్పేసే రోజులు పోయాయి. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చింది. ఇప్పుడు ప్లేట్ చూసి ఏ జిల్లా బండో చెప్పలేం. పైగా ప్లేట్ మార్చడం పది నిమిషాల పని. చాసిస్ నంబర్ మార్చడం అంత తేలిక కాదు. అసలు గుర్తింపు అదే.

ఎక్కడుంటుంది?

చాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఉండవు. ఒకటి, సున్నాలతో తికమక పడకూడదనే ఈ ఏర్పాటు. కాబట్టి గుండ్రంగా కనిపిస్తే అది సున్నానే, ‘ఓ’ అని రాసుకోకండి. మొదటి మూడు అక్షరాలు కంపెనీవి. మారుతీ అయితే ఎంఏ3, హ్యుందాయ్ అయితే ఎంఏఎల్, టాటా అయితే ఎంఏటీ అని మొదలవుతుంది.

కారును బట్టి చోటు మారుతుంది. ముందు సీటు కింద మ్యాట్ ఎత్తి చూడండి. లేకపోతే బానెట్ తెరిచి ఇంజిన్ వెనకున్న రేకు గోడ మీద చూడండి. కొన్నిటికి డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ ఉంటుంది, కానీ ఊడదీసి అతికించే స్టిక్కర్‌ను నమ్ముకోవద్దు. రేకు మీద కొట్టిన నంబరే చూడాలి. దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. దాన్ని ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. నంబర్ చుట్టూ కొత్త పెయింటో, వెల్డింగ్ మచ్చో, వంకరగా ఉన్న అంకెలో కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయడమే మంచిది. ధర ఎంత తక్కువైనా సరే!

ఆర్‌సీ చేతిలో లేదా?

డిజీలాకర్‌లో గానీ, ఎంపరివాహన్ యాప్‌లో గానీ తెచ్చుకోవచ్చు. పరివాహన్ వెబ్‌సైట్‌లో పని జరగాలంటే చాసిస్ నంబర్‌లో చివరి 5 అక్షరాలు అడుగుతుంది. అసలు ఆర్‌సీ పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఫారం 26తో డూప్లికేట్‌కు దరఖాస్తు పెట్టాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే అప్పు తీరిందన్న ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోకుండా డబ్బు ఇవ్వొద్దు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. సాలూరు దాటితే కోరాపుట్, పార్వతీపురం దాటితే రాయగడ. ఓడీ 10, ఓడీ 18 బండ్లు ఇటు చాలానే తిరుగుతుంటాయి. అలాంటి బండి కొని ఇక్కడే వాడుకోవాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తేవాలి. 12 నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే ఏపీ నంబర్ తీసుకోవాల్సిందే. ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు బేరంలో లెక్క వేసుకోండి.

అమ్మేవాళ్లకే అసలు ముప్పు

డబ్బు అందింది, తాళాలు ఇచ్చేశాం, ఇక మనకేం పని అనుకుంటారు. పనుంది! పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనర్ మీరే. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో ఇదే చెప్పింది. ఆ కారు 2007లో అమ్ముడుపోయి చేతులు మారుతూ వెళ్లింది. 2009లో ప్రమాదం చేసింది, ఒకరు చనిపోయారు. రికార్డుల్లో మాత్రం మొదటి ఓనర్ పేరే ఉంది. పరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది.

అందుకే ఫారం 29, 30 ఖాళీగా సంతకం చేసి బ్రోకర్ చేతిలో పెట్టకండి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు, 30 రోజుల్లో కొన్నవారు రవాణా శాఖకు తెలియజేయాలి. ఆ తర్వాత మీ పాత బండి నంబర్‌ను ఎంపరివాహన్‌లో కొట్టి, రికార్డు మారిందో లేదో చూసుకోండి.