వ్యాయామానికీ మోతాదు ఉంది: ఆ మోతాదును మానవుడు కనుగొన్న చరిత్ర



మందు రాసేటప్పుడు వైద్యుడు మూడు విషయాలు నిర్ణయిస్తాడు: ఎంత ఇవ్వాలి, ఎన్నిసార్లు ఇవ్వాలి, ఎప్పుడు పెంచాలి. వ్యాయామం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "రోజూ కొంచెం చేయండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. అందువల్ల యువకులు ఫోనులో చూసిన విన్యాసాలను మొదటి వారంలోనే అనుకరించబోయి భుజాలనూ మణికట్లనూ పాడుచేసుకుంటున్నారు. అరవై దాటినవారేమో "ఈ వయసులో మనకెందుకు" అంటూ కండబలాన్ని చేజేతులా వదులుకుంటున్నారు. ఈ రెండింటికీ మూలం ఒకటే, మోతాదు తెలియకపోవడం.

సొంత శరీర బరువునే ఆధారంగా చేసుకుని చేసే కసరత్తును కాలిస్థెనిక్స్ అంటారు. గ్రీకు భాషలో 'కల్లోస్' అంటే అందం, 'స్థెనోస్' అంటే బలం. మన దండీలు, బస్కీలు కూడా ఈ కోవలోనివే. ఇటువంటి సాధనకు మోతాదు ఎలా నిర్ణయించాలన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. ఆ ప్రయాణాన్ని ఈ వ్యాసంలో క్లుప్తంగా పరిశీలిద్దాం.

ప్రాచీనుల పరిశీలన

క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో క్రోటన్ నగరానికి చెందిన మైలో అనే మల్లయోధుడు ఉండేవాడు. అతడు ఒక దూడను ప్రతిరోజూ భుజాన మోసేవాడనీ, దూడ ఎద్దయ్యేనాటికి ఎద్దును మోసే బలం అతనికి వచ్చిందనీ కథ. కథలో అతిశయోక్తి ఉండవచ్చు గాని, భారం కొద్దికొద్దిగా పెరిగితే దేహం దానికి తగినట్లు మారుతుందన్న సూత్రం మాత్రం నిజం.

మన సుశ్రుతుడు దీనికి రెండో వైపు చూశాడు. వ్యాయామం తన శక్తిలో సగం మేరకే చేయాలని, నోటితో ఊపిరి తీయవలసి రావడమే ఆ సగానికి గుర్తని సుశ్రుత సంహిత చెబుతుంది. వయస్సు, బలం, శరీరం, దేశం, కాలం, ఆహారం చూసుకుని మోతాదు నిర్ణయించుకోవాలని, మితిమీరితే రోగాలు వస్తాయని హెచ్చరిస్తుంది. ఎంత పెంచాలన్నది మైలో కథ చెబితే, ఎక్కడ ఆపాలన్నది సుశ్రుతుడు చెప్పాడు.

పాఠశాలల్లోకి ప్రవేశం

1793లో జర్మనీలో గుట్స్‌ముథ్స్ అనే ఉపాధ్యాయుడు బాలల వ్యాయామంపై గ్రంథం వెలువరించాడు. 1811లో ఫ్రీడ్రిష్ యాన్ బెర్లిన్ శివార్లలో బహిరంగ వ్యాయామ క్షేత్రాన్ని నెలకొల్పాడు. 1813లో స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోమ్‌లో శిక్షణ సంస్థను స్థాపించి, వ్యాయామాన్ని చికిత్సకూ అన్వయించాడు. అమెరికాలో కాథరిన్ బీచర్ 1856లో పాఠశాలలకూ కుటుంబాలకూ కాలిస్థెనిక్స్ పాఠ్యగ్రంథం రాసి, బాలికలకు ఈ సాధనను చేరువ చేసింది.

ఇవన్నీ గొప్ప సేవలే. అయితే సామూహిక కవాతు పద్ధతిలో ఒక పరిమితి ఉంది. ఆజ్ఞ ఇవ్వగానే వరుసలో ఉన్న అందరూ ఒకే కదలికను ఒకే లెక్కతో చేస్తారు. బలహీనుడికి అది ఎక్కువ, బలవంతుడికి తక్కువ.

గాయపడిన సైనికులు నేర్పిన పాఠం

వ్యక్తిని బట్టి మోతాదును లెక్కకట్టే పద్ధతికి స్పష్టమైన రూపం రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వచ్చింది. పిండికట్టు విప్పిన తరువాత తొడ ఎంతగా చిక్కిపోతుందో చూసినవారికి తెలుసు. అటువంటి సైనికులతో అమెరికా సైనిక వైద్యశాలలు నిండిపోయాయి. తేలికపాటి కదలికలను ఎక్కువసార్లు చేయించడమే అప్పటి ఆచారం. థామస్ డెలోర్మ్ అనే యువ సైనిక వైద్యుడు దీనికి భిన్నంగా, రోగి సరిగ్గా 10 సార్లు మాత్రమే ఎత్తగల బరువును కొలిచి, దాన్ని ప్రమాణంగా తీసుకుని, బలం పెరిగేకొద్దీ బరువునూ పెంచాడు. ఆ ఫలితాలను 1945లో ప్రచురించాడు. మొదట్లో 7 నుంచి 10 విడతలు చేయించినా, 1948లో వాట్కిన్స్‌తో కలిసి దాన్ని 3 విడతలకు తగ్గించాడు: ప్రమాణ బరువులో సగంతో ఒకటి, ముప్పాతికతో ఒకటి, పూర్తి బరువుతో ఒకటి. మందు చీటీ వలె వ్యాయామాన్ని రాయవచ్చని ఆయన నిరూపించాడు.

ఇక విశ్రాంతి సంగతి. ఏ ఒత్తిడికైనా దేహం మొదట ఉలిక్కిపడుతుందని, తరువాత తట్టుకుంటుందని, ఒత్తిడి ఎడతెగకపోతే చివరకు అలసి కూలుతుందని హాన్స్ సెల్యే 1936 నుంచి వివరిస్తూ వచ్చాడు. సోవియట్ శాస్త్రవేత్త మాత్వేయెవ్ 1960ల్లో క్రీడాకారుల ఏడాది శిక్షణను దశలుగా విభజించే పద్ధతిని క్రోడీకరించాడు. భారమూ విశ్రాంతీ ఒకదాని తరువాత ఒకటి రావాలన్నది ఇక్కడ మనం గ్రహించవలసిన విషయం.

నాడులు ముందు, కండరాలు తరువాత

1894లో యేల్ విశ్వవిద్యాలయంలో స్క్రిప్చర్ బృందం ఒక చిన్న ప్రయోగం చేసింది. ఒక చేతితో మాత్రమే పట్టు సాధన చేయగా, సాధన చేయని రెండో చేతి బలం కూడా పెరిగింది. రెండో చేతి కండరాలకు ఏ పనీ లేదు కనుక, మార్పు నాడీమండలంలో జరిగి ఉండాలి. 1979లో మోరితాని, డివ్రీస్ అనే పరిశోధకులు దీనిని మరింత స్పష్టం చేశారు. మోచేతిని వంచే కండరాలకు 8 వారాల శిక్షణ ఇచ్చి చూస్తే, తొలి వారాల్లో పెరిగిన బలం ప్రధానంగా నాడుల వల్ల వచ్చింది. కండరం లావెక్కడం వల్ల వచ్చే బలం ఆ తరువాతిది. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనాలు ఇంకా నెమ్మదిగా గట్టిపడతాయి.

చేతులపై నిలబడటం వంటి విన్యాసాలు నేర్చుకునే యువకులు ఈ విషయాన్ని బాగా గుర్తుంచుకోవాలి. మూడో వారానికే "నాకు బలం వచ్చేసింది" అనిపిస్తుంది. అది నిజమే, కానీ ఆ బలాన్ని మోయవలసిన స్నాయుబంధనాలు ఇంకా సిద్ధంగా లేవు.

నైపుణ్య సాధనకు కూడా వేరే సూత్రం ఉంది. 1979లోనే షే, మోర్గాన్ అనే పరిశోధకులు చేతి కదలికలు నేర్పుతూ రెండు పద్ధతులను పోల్చారు. ఒకే కదలికను వరుసగా చేసినవారు ఆ సమయంలో బాగా చేశారు. కదలికలను కలగలిపి చేసినవారు అప్పుడు తడబడినా, తరువాత పరీక్షించినప్పుడు వారికే బాగా జ్ఞాపకం ఉన్నాయి.

మన నిత్యజీవితానికి అన్వయం

బరువులు లేనప్పుడు భారాన్ని ఎలా పెంచాలి? శరీరపు వాలును మార్చడం ద్వారా. కొలతల ప్రకారం మామూలు పుషప్‌లో చేతులపై శరీర బరువులో సుమారు 64 శాతం పడుతుంది. మోకాళ్లు ఆనిస్తే అది సుమారు 49 శాతం. చేతులను రెండడుగుల ఎత్తున ఆనిస్తే సుమారు 41 శాతం. గోడకు ఆనించి నిటారుగా నిలబడితే ఇంకా తక్కువ. కనుక గోడ, బల్ల, మోకాళ్లు, నేల అన్న మెట్లలో ఎక్కడైనా మొదలుపెట్టవచ్చు.

వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామంతో చేయండి. ఇంకా రెండు మూడు సార్లు చేయగల శక్తి ఉండగానే విడత ఆపండి. ఒక మెట్టులో 10 లేదా 12 సార్లు సునాయాసంగా, మూడు విడతలు వచ్చాకే పై మెట్టు ఎక్కండి. నైపుణ్యం కావాలనుకునే యువకులు దాన్ని అలసటకు ముందే, తక్కువ సేపు, తరచుగా సాధన చేయాలి. బల వ్యాయామం ఆ తరువాత.

వయసు పైబడిందని నిరుత్సాహపడేవారికి ఒక మాట. 1990లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో సుమారు 90 ఏళ్ల వయసున్న బలహీనులైన వృద్ధులు 8 వారాలపాటు పర్యవేక్షణలో కాళ్లకు బల శిక్షణ పొందారు. శిక్షణ పూర్తిచేసిన 9 మందిలో తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. నేల మీద కూర్చుని ఎవరి సాయమూ లేకుండా లేవగలగడం, స్నానాల గదిలో కాలు జారకుండా నిలదొక్కుకోగలగడం ఈ బలం మీదే ఆధారపడి ఉంటాయి. పెద్దలు గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. కుర్చీని గోడకు ఆనించి ఉంచుకోండి.

రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా, ఎముకల పెళుసుతనం ఉన్నవారు, ఇటీవల కంటి శస్త్రచికిత్స చేయించుకున్నవారు ముందుగా తమ వైద్యుని సంప్రదించాలి. వ్యాయామంలో ఊపిరి బిగపట్టవద్దు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కీలులో పొడిచినట్లు నొప్పి ఉంటే వెంటనే ఆపివేయండి.

ఒక నోటు పుస్తకం తీసుకుని, ఏ రోజు ఏ మెట్టులో ఎన్నిసార్లు చేశారో రాసుకోండి. మూడు నెలల తరువాత దానిని తిరగేస్తే మీకు తగిన మోతాదు మీకే తెలుస్తుంది.