రాయ్‌పూర్, రాయ్‌గఢ్, రాయగడ: పేరును చూసి పొరబడకండి

జతపరచండి అనే ప్రశ్న వచ్చినప్పుడు తెలుగు మీడియం అభ్యర్థి తడబడే చోటు ఒకటుంది: ఊళ్ల పేర్లు. ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్, రాయ్‌గఢ్ రెండూ వేరు వేరు జిల్లాలు. మహారాష్ట్రలోది రాయ్‌గడ్. 1674లో శివాజీ పట్టాభిషేకం జరిగిన కోట అది. 1981లో కొలాబా జిల్లాకు ఆ పేరు పెట్టారు. ఒడిశాలోది రాయగడ, విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్లే రైలు దారిలోనే వస్తుంది. ఇక చెన్నైలో రాయపురం ఉంది. అక్కడి 'రాయ' మన రాయలు కాదు, తమిళ క్రైస్తవులు సెయింట్ పీటర్‌ను పిలిచే 'రాయప్పర్' అని చెబుతారు.

రాయ్‌పూర్‌లో 'రాయ్' అంటే రాజే. కలచురి రాజు బ్రహ్మదేవ రాయ్ పేరు మీద ఊరు వెలిసిందని ఒక కథనం. ఆయన కాలపు శాసనంలో, అంటే 15వ శతాబ్ది మొదట్లో, ఊరి పేరు 'రాయపుర'. హిందీలో చివరి అక్షరం హ్రస్వం, 'పుర్'. ఛత్తీస్‌గఢీలో 'రఇపుర్'. మనం మాత్రం దీర్ఘం తీసి 'పూర్' అని రాస్తాం. శాసనానికి దగ్గరగా ఉండాలంటే నిజానికి 'రాయపురం' అనాలి!

అసలు చిక్కు ఇంకా వెనక్కి వెళ్తే వస్తుంది. రాయ్‌పూర్ ప్రాంతానికి ప్రాచీన నామం దక్షిణ కోసల. కానీ పాత ఆధారాల్లో చాలాచోట్ల 'కోసల' అని మాత్రమే ఉంటుంది. సముద్రగుప్తుడి అలహాబాద్ ప్రశస్తిలో దక్షిణాపథ రాజుల జాబితా కోసల మహేంద్రుడితోనే మొదలవుతుంది. దీన్ని అయోధ్య కోసల అనుకుంటే దక్షిణ దండయాత్ర దారి మొత్తం తప్పిపోతుంది. అదే జాబితాలో కింద వేంగి హస్తివర్మ ఉన్నాడు. దాన్ని బట్టి ఇది ఏ దిక్కు జాబితానో మీకే తెలుస్తుంది.

7వ శతాబ్దిలో వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ విషయమూ అంతే. ఆయన కళింగ నుంచి కోసలకు, అక్కడి నుంచి ఆంధ్రకు వచ్చాడు. చైనా ఉచ్చారణలో ఆంధ్ర 'అన్-తో-లో' అయింది, దాని రాజధాని 'పింగ్-కి-లో' అయింది. ఈ రెండోది వేంగి అని ఎక్కువమంది చరిత్రకారుల గుర్తింపు. శబ్దం ఒక్కటే చూస్తే ఎవరూ పోల్చలేరు. పట్టిచ్చింది ఆయన నడిచిన దిక్కూ, దూరాలూ. కోసల రాజధానికి ఆయన పేరు చెప్పలేదు. రాయ్‌పూర్‌కు ఈశాన్యంగా ఉన్న సిర్‌పూర్, అంటే నాటి శ్రీపురం, అని చాలామంది భావిస్తారు. మెయిన్స్‌లో 'చారిత్రక భూగోళం' మీద రాసేటప్పుడు ఈ పద్ధతిని రెండు వాక్యాల్లో చెప్పండి, ఊరికే పేర్లు ఏకరువు పెట్టడం కన్నా ఎంతో నయం.

ఛత్తీస్‌గఢ్ అనే పేరుకు ముప్పై ఆరు కోటలు అన్న వివరణ అందరికీ తెలిసిందే: శివనాథ్ నదికి ఉత్తరాన రతన్‌పూర్ కింద 18, దక్షిణాన రాయ్‌పూర్ కింద 18. హీరాలాల్ మాత్రం దీన్ని చేది వంశం పేరుతో ముడిపెట్టి 'చేదీశ్‌గఢ్' అన్నాడు. నాకు మొదటిదే సహజంగా తోస్తుంది. జవాబులో రెండూ రాయండి.

1818లో కల్నల్ ఆగ్న్యూ పాలనా కేంద్రాన్ని రతన్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు మార్చాడు; 2000 నవంబర్ 1న అది రాష్ట్ర రాజధాని అయింది. పక్కనే కట్టిన నయా రాయ్‌పూర్, వాజ్‌పేయి మరణించిన 2018లో అటల్ నగర్ అయింది, తరువాత నవా రాయ్‌పూర్ అటల్ నగర్. పాత పుస్తకంతో చదివేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. అదే ఏడాది అలహాబాద్ కూడా ప్రయాగ్‌రాజ్ అయింది. ప్రశస్తి మాత్రం పుస్తకాల్లో ఇంకా అలహాబాద్ ప్రశస్తే.

మానా విమానాశ్రయం 2012 నుంచి స్వామి వివేకానంద విమానాశ్రయం. చిన్నప్పుడు నరేంద్రుడు కొంతకాలం ఈ ఊళ్లో ఉన్నాడు కాబట్టి నగరం నడుమ ఉన్న పెద్ద చెరువుకూ వివేకానంద సరోవరం అని పేరు పెట్టారు. జనం నోట అది ఇప్పటికీ బూఢా తాలాబే.