కచేరీ గడప దాటిన బూట్లు

ఉద్యోగానికి తొడుక్కుని వెళ్ళే తోలు బూట్లు ఎలాంటివి కొనాలి? దుకాణంలో ఈ ప్రశ్న మామూలుగా రంగుతో మొదలై, కొలత మీదుగా నడిచి, ధర దగ్గర ముగుస్తుంది. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు పాదాన్ని పట్టి ఉంచే వస్తువును ఇంత తేలికగా ఎంచుకోవడం మనకు ఎందుకు అలవాటయిందని ఆలోచిస్తే, దాని వెనుక నూటయాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర కనిపిస్తుంది. మన దేశపు కచేరీలలోకి తోలు బూటు పాదం సుఖం కోసం రాలేదు. ఎదుటివారి కన్ను కోసం వచ్చింది. ఆ కన్నును కాస్త పక్కన పెట్టి, పాదాన్నీ కుట్టునూ తోలునూ చూడడం నేర్చుకుంటే మంచి బూటును గుర్తుపట్టడం కష్టం కాదు. ఆ చూడవలసినవి ఒక్కొక్కటీ ఎప్పుడు, ఎలా పుట్టుకొచ్చాయో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

పెద్దల ఎదుటికీ, గుడిలోకీ, ఇంటిలోకీ వెళ్ళేటప్పుడు చెప్పులు విడవడం మన మర్యాద. తలమీది టోపీ తీయడం ఆంగ్లేయుల మర్యాద. పాలకులు ఈ తేడాను తమకు అనుకూలంగా మలచుకున్నారు. తాము బూట్లతో కూర్చుని, తమ ఎదుటికి వచ్చే భారతీయులు మాత్రం పాదరక్షలు విడిచి రావాలన్నారు. 1854లో, డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో, బెంగాలులో ఒక సడలింపు ఇచ్చారు. ఐరోపా తరహా బూట్లు వేసుకున్న భారతీయులు అధికారిక సందర్భాలలో వాటిని విప్పనక్కరలేదు. దేశవాళీ జోళ్ళకు మాత్రం ఈ మన్నింపు లేదు. 1862లో సూరత్ న్యాయస్థానంలో అసెసరుగా ఉన్న మానక్‌జీ కావస్‌జీ ఎంటీ అనే పార్సీ పెద్దమనిషి బూట్లు విప్పి రమ్మంటే ససేమిరా అన్నాడు. ఆ తగాదా అర్జీల మీద అర్జీలుగా పై అధికారుల దాకా సాగింది.

1874లో కలకత్తాలో జరిగినది ఇంకా ప్రసిద్ధం. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు దేశవాళీ చెప్పులతో ఏషియాటిక్ సొసైటీ భవనానికి వెళ్ళాడు. వాటిని విప్పితే తప్ప లోపలికి పోనివ్వమన్నారు. ఇంగ్లీషు బూట్లు వేసుకున్నవారికి ఆ అడ్డు లేదు. అంతటి పండితుడు గడప దగ్గరి నుండే వెనుదిరిగి, ఈ భేదం ఏమిటని లిఖితపూర్వకంగా నిలదీశాడు. గడప దగ్గర పరీక్షకు నిలిచినది మనిషి చదువు కాదు, అతని కాలి తొడుగు. అలా ఇంగ్లీషు బూటు ఒక ప్రవేశపత్రం అయింది. ప్రవేశపత్రాన్ని ఎవరైనా చూపించడానికే కొంటారు. సుఖంగా ఉందా లేదా అని అడగరు.

కన్ను కోసం కొనే అలవాటు మనకు ఒక్కరికే అంటినది కాదు. ఐరోపాలో దాదాపు రెండు శతాబ్దాల పాటు, 19వ శతాబ్దం మొదటి భాగం వరకూ, చాలా బూట్లకు కుడి ఎడమల భేదమే లేదు. జత రెండూ ఒకే అచ్చు మీద తయారయ్యేవి. తొడుక్కున్నవాడి పాదాలే నొచ్చి, కాచి, కాలక్రమేణా వాటిని కుడి ఎడమలుగా మార్చుకునేవి. 1781లో పేట్రస్ కాంపర్ అనే డచ్చి శరీరశాస్త్రవేత్త ఉత్తమమైన బూటు ఆకృతి ఎలా ఉండాలన్న విషయం మీద ఒక గ్రంథమే రాశాడు. 1858లో జ్యూరిచ్‌లో హెర్మన్ ఫన్ మేయర్ అనే శాస్త్రవేత్త మరొకటి రాశాడు. ఇద్దరి ఫిర్యాదూ ఒకటే: బూటును పాదాన్ని బట్టి చేయాలి గాని, పాదాన్ని బూటును బట్టి వంచకూడదు.

వారి వాదం ఆచరణలోకి రావడానికి ఒక యంత్రం తోడయింది. బూటు తయారయ్యేది ఒక కర్ర అచ్చు మీద. దానిని లాస్టు అంటారు. కుడికీ ఎడమకూ సరిగ్గా ప్రతిబింబాల వంటి రెండు అచ్చులను చేతితో చెక్కడం ఖరీదైన పని. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ 1819 ప్రాంతంలో తుపాకీ మడమలను చెక్కడానికి ఒక తరిమెన యంత్రం కల్పించాడు. వంకరటింకర ఆకారాన్ని సైతం అది ఒక నమూనాను చూసి యథాతథంగా చెక్కగలదు. అదే యంత్రం తరువాత బూట్ల అచ్చులను చెక్కింది. కాబట్టి మంచి బూటుకు మొదటి గుర్తు పైమెరుగులో లేదు, కంటికి కనబడని ఆ అచ్చులో ఉంది. ఒకే అంకె గల రెండు బూట్లు ఒకటి హాయిగా, ఒకటి నరకంగా ఉండడానికి కారణం వాటి అచ్చులు వేరు కావడమే.

ఇక కుట్టు. పాత పద్ధతిలో పనివాడు పైతోలును అచ్చు మీద లాగి బిగించి, దాని చుట్టూ ఒక సన్నని తోలు పట్టీని లోపలి అట్టతో కలిపి కుట్టేవాడు. ఈ పట్టీ పేరు వెల్టు. ఆ తరువాత అడుగు అట్టను పట్టీకి కుట్టేవాడు. అడుగు అరిగితే బయటి కుట్టు ఒక్కటే విప్పి కొత్త అడుగు వేయవచ్చు, పైతోలును ముట్టుకోనక్కరలేదు. రెండు అట్టల నడుమ మిగిలే ఖాళీలో కార్కు నింపుతారు. అది కొన్ని నెలలలో తొడుక్కున్నవాడి అరికాలి ఆకారాన్ని తెచ్చుకుంటుంది.

1858లో లైమన్ బ్లేక్ అనే అమెరికన్ అడుగును నేరుగా లోపలి అట్టకు కుట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. గోర్డన్ మెకే ఆ హక్కులు కొని, యంత్రాన్ని మెరుగుపరిచాడు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల బూట్లు దాని మీద విరివిగా తయారయ్యాయి. ఈ కుట్టు తేలికైనది, మెత్తగా వంగుతుంది, కాని తడి నేల మీద నీరు కుట్టు గుండా లోపలికి వస్తుంది. 1870లలో రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పద్ధతిని కనిపెట్టిన గుడ్‌ఇయర్ కుమారుడు చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ ఆధ్వర్యంలో వెల్టు కుట్టే యంత్రం రూపుదిద్దుకుంది. ఈనాటికీ ఖరీదైన బూట్ల మీద కనిపించే గుడ్‌ఇయర్ వెల్ట్ అన్న మాట అక్కడిదే.

అయినా ఒక పని యంత్రానికి లొంగలేదు. పైతోలును అచ్చు మీద ముడతలు లేకుండా లాగి బిగించడం నేర్పరి చేతులకే సాధ్యమనుకునేవారు. మంచి పనివాడు పది గంటలు శ్రమిస్తే యాభై జతలు బిగించేవాడు. దక్షిణ అమెరికాలోని సూరినాంలో పుట్టి, మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో బూట్ల కర్మాగారంలో చేరిన యాన్ మాట్సెలిగర్ రాత్రుళ్ళు కూర్చుని ఆ చేతుల కదలికలను యంత్రంగా మార్చాడు. 1883లో పేటెంటు వచ్చింది. ఆ యంత్రం రోజుకు నూట యాభై నుండి ఏడు వందల జతల వరకూ బిగించగలిగింది. బూట్ల ధరలు దిగివచ్చాయి. నల్లజాతివాడన్న కారణంగా ఆ ఊరిలో కొన్ని చర్చిలు తమలో చేర్చుకోని ఆ మనిషి 1889లో, ముప్ఫయ్యారేళ్ళ వయసులో, క్షయతో మరణించాడు.

తోలు విషయానికి వస్తే కథ మన ఊళ్ళకు వస్తుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు అందరికీ తెలుసు. 2014లో తెలంగాణ దానిని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. అదే తంగేడు బెరడు దక్షిణ భారతంలో తోళ్ళను పదును చేయడానికి తరతరాలుగా వాడిన సరుకు. బెరడు నీటిలో నానిన తోలుకు చివర కరక్కాయ నీళ్ళు పట్టించేవారు. ఇలా సగం పదునైన తోళ్ళు మద్రాసు రేవు నుండి ఓడలకెక్కి బ్రిటన్‌కు పోయేవి. అక్కడ వాటికి ఈస్టిండియా తోళ్ళని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైనికుల బూట్ల పైభాగాలకు ఈ తోళ్ళు విస్తారంగా వాడారు. ముడి సరుకు మనది, మెరుగు వాళ్ళది. మన చెప్పులను గడప బయట విడవమన్నది కూడా వాళ్ళే.

1884లో న్యూయార్కులో ఆగస్టస్ షుల్ట్స్ క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. వారాలు, నెలలు పట్టే పని రోజులలోకి కుదించుకుపోయింది. 1903లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ పూనికతో మద్రాసు ప్రభుత్వం ఈ పద్ధతిని ఇక్కడ ప్రయోగించింది. చెన్నైలోని క్రోంపేట పేరు అక్కడ వెలసిన క్రోమ్ తోలు కర్మాగారం నుండే వచ్చింది. నేటి బూట్ల పైతోలు చాలావరకు క్రోమ్ తోలే. అది మెత్తన, తడికి ఓర్చుకుంటుంది. బెరడుతో పదునైన తోలు గట్టిది, చెమటను పీల్చుకుంటుంది; లోపలి అట్టకూ అడుగుకూ అది తగినది.

చివరి మలుపు జిగురు. 20వ శతాబ్దంలో గట్టి జిగుర్లు వచ్చి, కుట్టు లేకుండానే అడుగును అంటించడం మొదలయింది. 1894లో జ్లీన్ పట్టణంలో మొదలైన బాటా సంస్థ 1931లో మన దేశానికి వచ్చింది. కలకత్తా దగ్గర బాటానగర్ వెలసింది. మధ్యతరగతి గుమాస్తాకు కారు చౌకగా బూట్లు దొరకడం చిన్న మార్పు కాదు. కాని అంటించిన అడుగు ఊడితే బూటు ఆయుష్షు దాదాపు తీరినట్టే. వీధి మలుపులో కూర్చుని కుట్టేవారి జీవనానికీ అది దెబ్బ. ఇప్పటి పాలీయురిథేన్ అడుగులకు మరొక గుణం ఉంది. వాడకుండా పెట్టెలో దాచినా, గాలిలోని తేమకు అవి కొన్నేళ్ళలో లోలోపల చివికి, ఒకనాడు పొడిపొడిగా రాలిపోతాయి. మన కోస్తా వాతావరణంలో పెళ్ళికి కొని దాచిన బూట్ల గతి ఇదే.

ఇప్పుడు దుకాణానికి వెళదాం. పాదాలు సాయంత్రానికి కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి ఆ వేళకు వెళ్ళడం మంచిది. నిలబడి రెండు పాదాలనూ కొలిపించుకుని, పెద్దదాని కొలత తీసుకోవాలి. 1920లలో అమెరికాలో చార్లెస్ బ్రానక్ కల్పించిన కొలపరికరం పొడవుతో పాటు వెడల్పునూ, మడమ నుండి బొటనవేలి మొదటి కీలు వరకు గల దూరాన్నీ చూస్తుంది. బూటు వంగే చోటు ఆ కీలు దగ్గరే ఉండాలి. పాదం వెడల్పయితే పెద్ద అంకె కొనడం కాదు, వెడల్పాటి అచ్చు అడగాలి. మీగాలు ఎత్తుగా ఉన్నవారికి లేసుల రెక్కలు పూర్తిగా విచ్చుకునే డెర్బీ తరహా సుఖం. రెక్కలు ముందుభాగం కింద కుట్టి ఉండే ఆక్స్‌ఫర్డ్ చూపుకు హుందా, కాని సర్దుబాటుకు చోటు తక్కువ.

అడుగు అంచున కుట్టు కనిపిస్తే అంతటితో నమ్మకూడదు. అలంకారానికి అచ్చుగుద్దిన కుట్లు ఎన్నో ఉన్నాయి. అడుగు మార్చవచ్చునా అని సూటిగా అడగాలి. పైతోలును వంచి చూస్తే సహజమైన తోలు సన్నని ముడతలు పడుతుంది. ప్లాస్టిక్ పూత వేసినది గీతగా మడతపడి త్వరలో పగులుతుంది. ఒక జతను వరుసగా వాడక, రెండింటిని దినం మార్చి దినం వేసుకుంటే చెమట ఆరడానికి వ్యవధి దొరికి, రెండూ మన్నుతాయి. మన్నిక అంటే అరగకపోవడం కాదు. అరిగిన తరువాత మళ్ళీ విప్పి కుట్టడానికి వీలుండడమే మన్నిక.

ఈ చరిత్రలో చెప్పక తప్పని మాట మరొకటి ఉంది. మన తెలుగు పల్లెలలో తోలు ఊని, లందలో నానబెట్టి, ఊరందరికీ చెప్పులు కుట్టినవారు మాదిగలు. రైతు మోటకు తోలు తొట్టి, ఎద్దుకు పట్టెడ, పెద్దలకు కిర్రు చెప్పులు వారి చేతి పనే. అటువంటివారు అగ్రవర్ణాల వీధులలో నడిచేటప్పుడు చెప్పులు కాలికి వేసుకోకూడదు, చేత పట్టుకుని పోవాలన్నది అనేక గ్రామాలలో అమలయిన కట్టుబాటు. విద్యాసాగరుని గడప దగ్గర ఆపిన అన్యాయాన్ని మనం గుర్తుపెట్టుకున్నాం. మన గడపల దగ్గర మనమే ఆపినదాన్ని అంతగా తలచుకోము. 1950లో రాజ్యాంగపు 17వ అధికరణం అస్పృశ్యతను నిషేధించింది. అడుగు మార్చడానికి వీలయిన బూటును కొని, దానిని బాగుచేసే మనిషికి తగిన కూలి ఇచ్చి, పేరు పెట్టి గౌరవంగా పలకరించడం ఆ అధికరణానికి ఎంతో దూరమైన సంగతి కాదు.

ఒక మనవి. ఆరె, రంపె, గూటం, లంద వంటి ఈ వృత్తి మాటలు నిఘంటువులలోకి ఎక్కినవి కొన్నే, నోట మిగిలినవి మరికొన్ని. మీ ప్రాంతంలో వినిపించే చెప్పుల రకాల పేర్లూ, పనిముట్ల పేర్లూ వ్యాఖ్యలలో రాస్తే ఇక్కడే ఒకచోట చేర్చుతాను. చేతులు ఆ పనిని మానుకున్న నాడు మాటలు కూడా మాయమవుతాయి.